యుద్ధ చరిత్ర పుస్తకాలు 600 దాటినాయి, కేటలాగ్ ఎట్ల చేసుకోవాల?

పెన్నా_ఒడ్డు (కడప):

అందరికీ నమస్తే. శానా రోజుల్నుంచి అడగాలనుకుంటా ఉన్నా, ఇప్పుడు ఇంట్లో పరిస్థితి ముదిరింది కాబట్టి అడుగుతున్నా. నాకు యుద్ధ చరిత్ర పుస్తకాల పిచ్చి. పదిహేనేళ్ళ నుంచి కొంటానే ఉన్నా, హైదరాబాద్ పోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, బెంగళూరు పోతే చర్చ్ స్ట్రీట్, జనవరిలో వీలైతే విజయవాడ పుస్తకాల పండగ, మిగిలినవి ఆన్‌లైన్. మొన్న అటక మీదివి, మంచం కిందివి, మా తమ్ముని ఇంట్లో పెట్టినవి అన్నీ దించి లెక్కేస్తే 640 తేలినాయి. ఇంకా ఒక ట్రంకు పెట్టె తెరవాల.

అసలు సంగతి ఏందంటే 1962 చైనా యుద్ధం మీద ఒకే పుస్తకం నాకాడ మూడు కాపీలు ఉండాయి. మూడోది కొని తెచ్చినప్పుడు మా ఇంటామె కవర్ చూసి "ఇది మెట్ల కింద గూట్లో ఉంది కదా" అనింది, పోయి చూస్తే ఉంది, దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. నాకు మాట రాలేదు.

ఇప్పుడు మిద్దె మీద ఒక రూము వేపిస్తా ఉన్నా, పుస్తకాలకే. అందుకే ముందే ఒక పద్ధతి పెట్టుకుందామని. నా డౌట్లు ఇవి. వరస ఎట్ల పెట్టాల, రచయిత పేరుతోనా, దేశం వారీగానా, యుద్ధం వారీగానా? ఉదాహరణకి ఈస్టిండియా కంపెనీ దొర థామస్ మన్రో మీద నాకాడ నాలుగు పుస్తకాలు ఉండాయి. ఆయన 1780లో మద్రాసుకి కుర్ర సైనికుడిగా దిగి హైదర్ అలీ మీద యుద్ధంలో ఉన్నాడు, తర్వాత టిప్పు మీద యుద్ధాల్లో ఉన్నాడు, 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకి కలెక్టరు, మళ్ళీ 1817-18లో మరాఠాల మీదకి జనరల్‌గా పోయినాడు, ఆ తర్వాత మద్రాసు గవర్నరు. ఈయన్ని ఏ అరలో పెట్టేది చెప్పండప్పా. మైసూరు యుద్ధాల్లోనా, మరాఠాల్లోనా, లోకల్ చరిత్రలోనా, జీవితచరిత్రల్లోనా?

రెండోది, యాప్ వాడాలా ఎక్సెల్ చాలా? మూడోది, అరలు చెక్కతో చేయించాలా ఇనుపవా? ఇక్కడ ఎండలు, చెదలు మీకు తెలిసిందే.

బురుజు_కర్నూలు:

అన్నా మూడు కాపీలేనా, నాకాడ ఒక పుస్తకం నాలుగు ఉండాయి, అందులో రెండు వేరే వేరే టైటిళ్ళతో ఉండాయి. లండన్‌లో ఒక పేరుతో వేస్తారు, అమెరికాలో ఇంకో పేరుతో వేస్తారు, లోపల మ్యాటర్ అదే. కొని ఇంటికొచ్చి మొదటి పేజీ చదివినాక "యాడో చదివినానే" అనిపిస్తాది. కాబట్టి కొనే ముందు టైటిల్ వెనక పేజీ చూడు, చిన్న అక్షరాల్లో పాత పేరు రాసి ఉంటాది చానా సార్లు.

యాప్ సంగతి చెప్తా, నేను రెండేళ్ళు తంటాలు పడినా. ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలన్నీ వచ్చేస్తాయి అంటారు, కొత్త పుస్తకాలకి వస్తాయి కూడా. కానీ మన పుస్తకాల్లో సగం పాతవి కదా. పుస్తకం గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ అనేదే 1970 ప్రాంతాల్లో మొదలైంది, అంతకు ముందువాటికి నంబరే లేదు. 2007కి ముందు వచ్చినవి పది అంకెలవి, వాటిల్లో పాతవాటికి చానావాటికి బార్‌కోడ్ ఉండదు, చేత్తో కొట్టాల. ఆదివారం పొద్దున కూర్చుని నలభై పుస్తకాలు స్కాన్ చేస్తే పదిహేను వచ్చినాయి, అందులో ఒకటి వంటల పుస్తకం అని చూపించింది, అది బర్మా యుద్ధం మీద పుస్తకం సామీ.

లైబ్రరీథింగ్ అనే వెబ్‌సైట్ పర్వాలేదు, ముందు ఫ్రీలో 200 పుస్తకాలే అనేవాళ్ళు, 2020 నుంచి ఎన్నయినా ఫ్రీ. కోహా అనే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు, అది పెద్ద లైబ్రరీలకి, సర్వర్ పెట్టుకోవాల, ఇంటికి అది ఎడ్లబండికి రైలింజను కట్టినట్టు.

నేనైతే చివరికి గూగుల్ షీట్‌కే వచ్చినా. కానీ ఒకటి ముందే చెప్తా, రచయిత పేరు దగ్గర బోర్లా పడతావు. ఇంగ్లీషోళ్ళకి ఇంటిపేరు చివర, మనకి ముందు, తమిళోళ్ళకి ఇంటిపేరే లేదు తండ్రి పేరు ఇనీషియల్, పంజాబీ జనరళ్ళంతా సింగ్. షీట్‌ని చివరి మాట పెట్టి సార్ట్ చేస్తే మన తెలుగోళ్ళంతా రావు, రెడ్డి, శాస్త్రి కింద పోతారు, ఆర్మీ ఆఫీసర్లు సగం మంది సింగ్ కింద గుంపుగా నిలబడతారు. నేను రెండు కాలమ్‌లు పెట్టినా, ఒకటి కవర్ మీద ఉన్నట్టు పేరు, ఇంకోటి సార్ట్ చేయడానికి నేను పెట్టుకున్న పేరు.

తెలుగు పుస్తకాలకి ఇంకో చిక్కు, ఒకచోట యుద్ధము అని ఒకచోట యుద్ధం అని కొడితే సెర్చ్‌లో ఒకటి దొరికితే ఒకటి దొరకదు. నేనే ఒకచోట యుద్దం అని ఒత్తు లేకుండా కొట్టినా, ఆ పుస్తకం ఆరు నెలలు కనపడలేదు షీట్‌లో.

గుత్తి_లైబ్రరీ (రిటైర్డ్):

మంచి ప్రశ్న అడిగారు. నేను ముప్పై ఏళ్ళు లైబ్రరీల్లోనే ఉన్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, విసుక్కోకండి.

ముందు మీరు వర్గీకరణ గురించి ఆలోచించడం ఆపండి. మొదటి పని యాక్సెషన్ నంబర్. ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, చేతికి ఏ పుస్తకం వస్తే దానికి 1, తర్వాతది 2, అట్లా 640 దాకా. వరస, సబ్జెక్టు, భాష ఏదీ చూడొద్దు. ఆ నంబరు ఇంక జన్మలో మారదు, పుస్తకం పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. టైటిల్ పేజీ వెనకాల పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, స్టిక్కర్ అసలే వద్దు, మన ఎండకి జిగురు పసుపు పచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. మేము లైబ్రరీల్లో సీక్రెట్ పేజీ అని ఒకటి పెట్టుకుంటాం, ప్రతి పుస్తకంలో ఫలానా పేజీ మీద కూడా నంబరు వేస్తాం, టైటిల్ పేజీ చింపేసినా మన పుస్తకమని తెలుస్తుంది. మీరూ ఒక పేజీ ఎంచుకోండి, ఎవరికీ చెప్పకండి.

ఇప్పుడు వరస సంగతి. సబ్జెక్టుని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి ఇంట్లో పెట్టొచ్చు, కానీ యుద్ధ చరిత్రని అది ముక్కలు చేస్తుంది. సైన్యం, యుద్ధశాస్త్రం 355లో, వైమానిక దళం 358లో, నౌకాదళం 359లో, కోటలు తుపాకులు ఇంజనీరింగ్ 623లో ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం 940.53, అందులో పోరాటాల వరకు 940.54. ఇండియా 954. మీరు 1971 యుద్ధం మీద ఒక ఇరవై పుస్తకాలు పెట్టుకున్నారనుకోండి, కొన్ని 954కి పోతాయి, బంగ్లాదేశ్ కోణంలో రాసినవి 954.92కి పోతాయి, విశాఖ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన సంగతి, కరాచీ మీద మిసైల్ బోట్ల దాడి సంగతి నేవీ చరిత్రగా రాసినవి 359కి పోతాయి. పదమూడు రోజుల యుద్ధం మూడు గోడలకి చెదిరిపోతుంది. పబ్లిక్ లైబ్రరీకి ఇది సరే, అక్కడ నేవీలో చేరాలనుకునే పిల్లవాడు కూడా వస్తాడు. ఇంట్లో చదివేది మీరొక్కరే, మీరు 71 గురించే వెతుకుతారు.

కాబట్టి షెల్ఫ్ మీద యుద్ధం వారీగా, కాలక్రమంలో పెట్టుకోండి. విజయనగరం, బహమనీలు మొదట, తర్వాత కర్ణాటక యుద్ధాలు, మైసూరు యుద్ధాలు నాలుగు (1767 నుంచి 1799), మరాఠాలు, 1857, రెండు ప్రపంచయుద్ధాలు, 47-48 కాశ్మీర్, 62, 65, 71, కార్గిల్. ప్రతి గుంపు చివర అరలో నాలుగోవంతు ఖాళీ వదలండి. లైబ్రరీ అనేది పెరిగే ప్రాణి అని లైబ్రరీ సైన్స్‌లో పెద్దాయన రంగనాథన్ గారు ఐదో సూత్రంగా పెట్టారు, అది పెద్ద లైబ్రరీలకే కాదు, మీ మిద్దె మీద రూముకి కూడా.

మన్రోని ఏం చేయాలి? షెల్ఫ్ మీద ఒక పుస్తకం ఒకచోటే ఉంటుంది, కేటలాగ్‌లో ఎన్ని చోట్లయినా ఉంటుంది. కార్డుల కాలంలో ఒక పుస్తకానికి నాలుగైదు కార్డులు రాసేవాళ్ళం, ఇప్పుడు ఒక కాలమ్‌లో కామాలు పెట్టి మైసూరు 2, మైసూరు 3, దత్తమండలాలు, మరాఠా 1817 అని రాస్తే అయిపోయింది. షెల్ఫ్ మీద మాత్రం మీరు ఏ పని మీద ఆ పుస్తకం ఎక్కువ తీస్తారో అక్కడ పెట్టండి. కడపలో ఉండి మీరు మన్రోని తీసేది శ్రీరంగపట్నం కోసం అయి ఉండదు, మన ఊళ్ళ కోసమే. ఆయన పోయింది పత్తికొండలో, 1827 జూలైలో కలరా వచ్చి, ముందు పూడ్చింది మా గుత్తిలోనే, తర్వాత మద్రాసుకి తీసుకుపోయారు. నన్నడిగితే ఆయన లోకల్ అరలోకే రావాలి, ఇక్కడివాళ్ళు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు మరి.

ఇంకో ముఖ్యమైన విషయం, దీంట్లో చాలామంది పొరబడతారు. సంవత్సరం కాలమ్ ఒకటి కాదు, రెండు పెట్టండి. మొదటిసారి అచ్చయింది ఎప్పుడు, మీ చేతిలో కాపీ ఎప్పటిది. గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ 1875 నాటిది, ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీర్ 1905ది, కానీ మీరు కొనేది రీప్రింటు కాబట్టి లోపల కొత్త సంవత్సరం ఉంటుంది. ఆ ఒక్కటే రాసుకుంటే పదేళ్ళ తర్వాత మీరే దాన్ని కొత్త పరిశోధన అనుకుని కోట్ చేస్తారు. నేను చూశాను అట్లాంటి వ్యాసాలు.

పేర్ల స్పెల్లింగుకి కూడా ఒక కాలమ్. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో గుత్తి గూటీ అయి ఉంటుంది, శ్రీరంగపట్నం సెరింగపటం అయి ఉంటుంది, కడపని 2005 దాకా సర్కారువాళ్ళే ఇంగ్లీషులో సి తో రాశారు. 1565 యుద్ధాన్ని ఒకాయన తాళికోట అంటాడు, ఒకాయన రాక్షసి తంగడి అంటాడు. మీరు ఒక పేరు ఖాయం చేసుకుని మిగతావి పక్కన రాసుకోండి.

ఐఎస్‌బీఎన్ లేని వాటికి ఒక చిట్కా. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసు ఉంది, ఇక్కడి పుస్తకాలు కొని పంపించేవాళ్ళు, అందువల్ల ఇండియాలో అచ్చయిన పాత పుస్తకాలు చాలావరకు వాళ్ళ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఉంటాయి. టైటిల్ కొట్టి చూడండి, రచయిత పేరు, సంవత్సరం, పేజీలు అన్నీ సరిగ్గా దొరుకుతాయి. లైబ్రరీథింగ్ కూడా అక్కడి నుంచి తెచ్చుకోగలదు.

ఫౌజీ_మైదుకూరు:

లైబ్రరీ సార్ చెప్పింది అంతా ఓకే. నేను ఇరవై రెండేళ్ళు ఆర్మీలో చేసొచ్చినా, పుస్తకాలు మీ అంత లేవు, 150 ఉంటాయి, అన్నీ చదివినవే. ఒక కాలమ్ మర్చిపోయినారు అందరూ. మ్యాపులు.

యుద్ధం పుస్తకం మ్యాప్ లేకుండా చదవడం అంటే కళ్ళకి గంతలు కట్టుకుని చెస్ ఆడినట్టు. కొహిమా ఏ గుట్ట మీద, ఇంఫాల్‌కి రోడ్డు ఎటునుంచి, తవాంగ్ నుంచి సేలా ఎంత ఎత్తు ఎక్కాల, ఇవి తెలియకుంటే ఆ కమాండర్ ఎందుకు వెనక్కి తగ్గినాడో అర్థం కాదు, ఊరికే తిట్టుకుంటాం. మీ లిస్టులో ప్రతి పుస్తకానికి మ్యాపులు ఎన్ని, మడత మ్యాప్ ఉందా, చిరిగిందా, రాసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మొదట వెనక అట్ట లోపల జేబు చూడండి, మ్యాపులు అక్కడ పెడతారు, ఫస్ట్ పోయేవి కూడా అవే.

నాకు ఒక ఆన్‌లైన్ షాపులో దెబ్బ పడింది. కొత్త పుస్తకం అని పంపినారు, చూస్తే జిరాక్స్ తీసి బైండింగ్ చేసింది, మ్యాపులన్నీ నల్లగా మసి పూసినట్టు, గీతలు కనపడవు అక్షరాలు కనపడవు. వాపస్ తీసుకోమంటే తీసుకోలేదు. అప్పటినుంచి ఖరీదైన పుస్తకం కొనాలంటే లోపలి మ్యాప్ పేజీ ఫోటో అడుగుతా, పంపకపోతే కొనను.

మ్యాపులు లేని పుస్తకాలకి నేను చేసేది, టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ సైట్‌లో అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ వాళ్ళు 1950లలో వేసిన ఇండియా మ్యాపులు ఉన్నాయి, 1:2,50,000 స్కేలు, ఫ్రీ. ప్రింట్ తీసి మడిచి పుస్తకంలో పెట్టేస్తా. పాత రోడ్లు పాత ఊర్ల పేర్లు ఉంటాయి కాబట్టి గూగుల్ మ్యాప్ కన్నా అవే పనికొస్తాయి.

ఇంక అరలు. కడపలో ఉండి చెక్కనా ఇనుమా అని అడుగుతావేమప్పా, మన కడప బండలు ఉండంగా. ఊరూరా వంటింట్లో సామాను పెట్టుకునేదే ఆ బండ మీద. చెదలు తినేది లేదు, తుప్పు లేదు, హార్డ్‌బౌండ్ బరువుకి నడుం వంగదు. రూము ఇప్పుడే కడుతున్నారు కాబట్టి గోడలో దిగేసి కట్టించేయండి. కానీ పొడుగు బండ వేసి నడుమ ఆధారం లేకుండా వదలొద్దు, బండ చెక్క లాగా వంగి ముందుగా చెప్పదు, ఒక్కసారే పగులుతాది. మూడడుగులకి ఒక నిలువు బండ పెట్టించండి. నున్నటి వైపు పైకి ఉండాల, గరుకు వైపు పైకి వస్తే పుస్తకం లాగినప్పుడల్లా కింద అట్ట అరిగిపోతాది.

పడమటి గోడకి మాత్రం పెట్టొద్దు. మే నెలలో సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడు, నీకే తెలుస్తాది.

బురుజు_కర్నూలు:

ఫౌజీ అన్నా, బండలంటే బేతంచెర్ల బండలు, మీ కడపోళ్ళు పేరు కొట్టేసినారు అంతే 😄

జోకులు పక్కన పెడితే బండ అరల కింద, గోడకి పుస్తకాలకి నడుమ రెండు వేళ్ళు సందు ఉండేట్టు చూడు, గాలి ఆడాల. చెదలు బండని తినవు గానీ గోడలో నుంచి మట్టి గీత కట్టుకుని పుస్తకాల్లోకి వస్తాయి, పుస్తకాలు గోడకి ఆనుకుని ఉంటే నీకు కనపడేసరికి సగం పుస్తకం పోయి ఉంటాది. మా నాన్న యాపాకు పెట్టేవాడు, ఇప్పుడు నేను కలరా ఉండలు గుడ్డలో కట్టి మూలల్లో పెడుతున్నా, పుస్తకాలకి తగలకుండా.

ఇంకొకటి, లోకల్ అర గురించి. మన పాత కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల యుద్ధాలకి ఒక సపరేట్ అర పెట్టు అన్నా, ప్లీజ్. 1839లో మా కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేసినాడని కంపెనీవాళ్ళు మీదికొచ్చి జొహరాపురం దగ్గర కొట్లాడి ఆయన్ని పట్టుకున్నారు, రాజ్యం కలిపేసుకున్నారు. ఇది ఇండియా చరిత్ర పుస్తకాల్లో వెతికితే అర పేరా ఉంటాది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846-47, 1650లో మీర్ జుమ్లా గండికోట పట్టుకోవడం, 1776లో హైదర్ అలీ గుత్తి కోటని మురారిరావు నుంచి తీసుకోవడం, ఇవన్నీ చిన్న చిన్న తెలుగు పుస్తకాలు, కాలేజీ సావనీర్లు, గెజిటీర్ల జిరాక్సుల్లో ఉంటాయి. 60 పేజీల పుస్తకాలకి వీపు మీద పేరు కూడా ఉండదు, పెద్ద పుస్తకాల మధ్య పెడితే పోయినట్టే. బాక్స్ ఫైల్‌లో పెట్టి ఫైలు మీద రాసుకో.

వీటిలో కొన్ని పాటలు, బుర్రకథలు. అవి సాహిత్యంలో పెట్టాలా చరిత్రలో పెట్టాలా అని లైబ్రరీ సార్‌ని అడుగుతున్నా.

గుత్తి_లైబ్రరీ (రిటైర్డ్):

డ్యూయీ ప్రకారం అయితే తెలుగు సాహిత్యం 894.827కి పోవాలి. ఇంట్లో అయితే నరసింహారెడ్డి పక్కన నరసింహారెడ్డి పాట పెట్టండి, ఎవరూ జరిమానా వేయరు. కానీ కేటలాగ్‌లో "పాట" అని తప్పకుండా రాయండి. పాటలో పదివేల సైన్యం అని ఉంటే అది పాడినవాడి లెక్క, కంపెనీ కాగితాల్లో లెక్క వేరు, కంపెనీవాళ్ళు కూడా వాళ్ళ అవసరానికి తగ్గట్టే రాసుకుంటారు. రెండూ పక్కపక్కన ఉంటేనే మజా.

పెన్నా_ఒడ్డు గారూ, మీ ఊళ్ళోనే బ్రౌన్ లైబ్రరీ ఉంది కదా, ఒకసారి వెళ్ళి కూర్చోండి. కొనే ముందు అక్కడ ఉందేమో చూస్తే సగం డబ్బు మిగులుతుంది. అన్నీ మన దగ్గరే ఉండాలనే రోగం నాకూ ఉండేది.

పెన్నా_ఒడ్డు (కడప):

అందరికీ శానా థాంక్స్, ఇంత రాస్తారని అనుకోలేదు. మూడు ఆదివారాలు కూర్చున్నా, అప్‌డేట్ ఇది.

యాక్సెషన్ నంబర్లు 412 దాకా అయినాయి. మా పాప చదువుతాది, నేను నోట్‌బుక్‌లో రాస్తా, తర్వాత రాత్రి షీట్‌లో ఎక్కిస్తా. సీక్రెట్ పేజీ పెట్టుకున్నా, పాపకి తెలిసిపోయింది కాబట్టి సీక్రెట్ సగమే. డూప్లికేట్లు ఇప్పటికే 19 బయటపడినాయి, ట్రంకు పెట్టె ఇంకా తెరవలేదు. మ్యాపుల కాలమ్ పెట్టినాక తెలిసింది, నేను గొప్పగా చెప్పుకునే ఉత్తర ఆఫ్రికా పుస్తకంలో మడత మ్యాపులు మూడూ లేవు, పదేళ్ళ నుంచి చూసుకోలేదు అంటే నేను చదవలేదనే కదా.

"ఎవరికి ఇచ్చినా" అని ఒక కాలమ్ నేనే కలిపినా. పుస్తకం పరహస్తం గతం గతః అని పెద్దోళ్ళు ఊరికే అనలా, జ్ఞాపకం చేసుకుని రాస్తే 23 పుస్తకాలు బయట ఉండాయి, అందులో ఆరు మా ఆఫీసులో ఒకాయన దగ్గరే. ఆయనకి ఫోన్ చేస్తే "అవి నీవా?" అన్నాడు. ఇంక పుస్తకం గుమ్మం దాటాలంటే తారీఖు, ఫోన్ నంబరు రాసినాకనే.

బండలకి మేస్త్రీతో మాట్లాడినా, ఎర్రగుంట్ల నుంచి తెప్పిస్తా అన్నాడు, మూడడుగులకి నిలువు బండ అంటే "పుస్తకాలకి ఇంత ఎందుకు సార్" అన్నాడు. ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు చూపించి ఎత్తమన్నా. ఎత్తి, కింద పెట్టి, మళ్ళీ ఏమీ అనలేదు. తూర్పు, ఉత్తరం గోడలకే పెట్టిస్తా ఉన్నా.

మన్రోవి నాలుగూ లోకల్ అరలోకి, నంబర్లు 88, 89, 203, 377. గుత్తి సార్ మాటే ఖాయం.

62 యుద్ధం పుస్తకం రెండు కాపీలు ఎక్కువ ఉండాయి కదా, ఒకదానికి అట్ట పోయింది గానీ మ్యాపులు బాగున్నాయి, ఫౌజీ అన్నా అది మీకే. ఇంకోటి బురుజు అన్నకి, నీకాడ అదే పుస్తకం వేరే పేరుతో లేకుంటే. మిగతా డూప్లికేట్ల లిస్టు ట్రంకు పెట్టె తెరిచినాక పెడతా, ఎవరికి ఏది కావాలో ఇక్కడే రాయండి, పోస్టల్ ఖర్చు మీదే.